ధ్రువాల దగ్గర ఓజోన్ ఒక్కసారిగా పడిపోయిందా? కారణం మీరే ఎలా పట్టుకోవాలి

జనవరిలోనో ఫిబ్రవరిలోనో ఉత్తర యూరప్ మ్యాప్ మీద ముదురు నీలం మచ్చ ఒకటి కనబడుతుంది. మర్నాటికల్లా ‘ఓజోన్ పొరకు కొత్త చిల్లు’ అని ఫార్వర్డ్‌లు మొదలవుతాయి. మూడు నాలుగు రోజులు పోయాక చూస్తే ఆ మచ్చే ఉండదు, దాని గురించి అడిగేవాళ్లూ ఉండరు. మరి ఆ నాలుగు రోజుల్లో ఏం జరిగినట్టు? దీనికి జవాబు వెతుక్కోవడానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు, కావాల్సిన డేటా అంతా ఉచితంగా దొరుకుతుంది, ఏ క్రమంలో చూడాలో తెలిస్తే చాలు.

ముందే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఓజోన్ తగ్గింది అనగానే ఏదో దాన్ని నాశనం చేసిందని అనుకోకండి. చాలాసార్లు గాలి దాన్ని పక్కకు నెట్టేస్తుంది, అంతే, అణువులన్నీ క్షేమంగానే ఉంటాయి. కొన్నిసార్లు మాత్రం నిజంగానే రసాయనాలు తినేస్తాయి. ఈ రెండిటినీ కలిపేసి మాట్లాడితే ఒక పక్క అనవసరమైన టెన్షన్, ఇంకో పక్క నిజంగా భయపడాల్సిన విషయం మీద నిర్లక్ష్యం, రెండూ జరుగుతాయి. ఏది ఏదో తేల్చడానికి రెండు ప్రశ్నలు పట్టుకోండి: ఏ ఎత్తులో తగ్గింది, ఎంత త్వరగా తగ్గింది.

మీరు చూస్తున్న అంకె ఏమిటి?

శాటిలైట్ మ్యాపుల్లో కనబడేది డాబ్సన్ యూనిట్లలో ఉంటుంది. నేల నుంచి ఆకాశం చివరిదాకా ఉన్న ఓజోన్ అంతటినీ కిందికి తెచ్చి, సున్నా డిగ్రీల దగ్గర, సముద్రమట్టపు పీడనంలో పరిస్తే ఎంత మందం వస్తుందో ఆ లెక్క. 100 యూనిట్లు అంటే ఒక మిల్లీమీటరు. ప్రపంచ సగటు 300 చుట్టుపక్కల, అంటే మూడు మిల్లీమీటర్లు. మనల్ని అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడేది అంతే. అంటార్కిటికా మీద 220 కంటే తగ్గిన ప్రాంతాన్ని ఓజోన్ హోల్ అంటారు.

నేల మీద స్టేషన్లలో కొలిచేది వేరు. అది మనం పీల్చే గాలిలోని ఓజోన్, వంద కోట్ల అణువుల్లో ఎన్ని అన్న లెక్కలో, పీపీబీల్లో చెబుతారు. ‘ఆర్కిటిక్‌లో ఓజోన్ సున్నాకి పడిపోయింది’ అని ఎక్కడైనా చదివితే ముందు ఇది ఏ ఓజోనో చూడండి. రెండిటికీ కారణాలు పూర్తిగా వేరు, నేల దగ్గరి కథ కింద విడిగా చెబుతాను.

మామూలు ఎంత ఉండాలి?

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. హైదరాబాద్ మీద 260 యూనిట్లు ఉంటే అది మామూలే. అదే 260 మార్చి నెలలో ఉత్తర నార్వేలోని ట్రోమ్సో మీద కనబడితే చాలా పెద్ద తగ్గుదల, ఎందుకంటే ఆ కాలంలో అక్కడ 400 చుట్టుపక్కల ఉండాలి. మళ్లీ అదే ట్రోమ్సోలో అక్టోబర్‌లో 280 కనబడితే కంగారు పడాల్సిన పనేమీ లేదు. ఓజోన్ ఎక్కువగా తయారయ్యేది ఎండ ఎక్కువున్న ఉష్ణమండలం మీదే, కానీ స్ట్రాటోస్ఫియర్‌లో, అంటే ఓజోన్ ఎక్కువగా ఉండే పై పొరలో, నెమ్మదిగా సాగే గాలి ప్రవాహం దాన్ని చలికాలమంతా ధ్రువాల వైపు మోసుకెళ్లి అక్కడ కిందికి దించుతుంది. అందుకే తయారయ్యే చోట తక్కువ, పోగయ్యే చోట ఎక్కువ, ఉత్తరాన వసంతంలో గరిష్ఠం, శరదృతువులో కనిష్ఠం. కాబట్టి అంకెను ఎప్పుడూ అదే చోటి, అదే నెల సగటుతో పోల్చండి. నాసా ఓజోన్ వాచ్ పేజీల్లో రోజువారీ విలువ పక్కనే గత ఏళ్ల సగటు, కనిష్ఠం, గరిష్ఠం గీతలు గీసి ఉంటాయి, అది చూస్తే చాలు.

ఇంకో సంగతి. డిసెంబరు, జనవరి మ్యాపుల్లో ఉత్తర ధ్రువం చుట్టూ ఖాళీగా వదిలేసిన వలయం కనబడితే అక్కడ ఓజోన్ లేదని కాదు. అతినీలలోహిత కాంతి వెనక్కి చెదిరి రావడాన్ని బట్టి కొలిచే శాటిలైట్ పరికరాలకు సూర్యుడు కావాలి, ధ్రువ రాత్రిలో అవి చూడలేవు. ఆ వలయం అంచుల్లో సూర్యుడు దిగంతానికి ఆనుకుని ఉంటాడు కాబట్టి అక్కడి అంకెలనూ కాస్త అనుమానంగానే చూడాలి.

ముందు వాతావరణ మ్యాప్ తెరవండి

రసాయనాల జోలికి వెళ్లేముందు ఇది చేయండి, ఎక్కువ కేసులు ఇక్కడే తేలిపోతాయి. 1920ల్లో గోర్డన్ డాబ్సన్ ఆక్స్‌ఫర్డ్‌లో తన పరికరంతో కొలతలు మొదలుపెట్టినప్పుడే ఓజోన్ రోజురోజుకూ మారుతుందని, ఆ మార్పు వాతావరణంతో పాటు నడుస్తుందని గమనించాడు. అల్పపీడనం వస్తే ఓజోన్ పెరిగేది, అధిక పీడనం వస్తే తగ్గేది. ఆ తర్వాత 1928 ప్రాంతంలో అవే రకం పరికరాలను ప్రపంచం నలుమూలలకూ పంపారు, వాటిలో ఒకటి మన కొడైకెనాల్‌కి వచ్చింది. అక్కడ యూరప్‌లోలాగా ఈ రోజువారీ ఊగిసలాట లేదు. ఉష్ణమండలంలో వాతావరణం ఓజోన్‌ను అంతలా కదపదు, అందుకే ఇక్కడ పెరిగిన మనకు ఈ విషయం మొదట కొత్తగా అనిపిస్తుంది.

జరిగేది ఇది. బలమైన అధిక పీడనం ఒకచోట కుదురుకున్నప్పుడు ట్రోపోస్ఫియర్, అంటే నేలకు ఆనుకుని ఉండే కింది గాలి పొర, వెచ్చబడి పైకి ఉబ్బుతుంది. ట్రోపోస్ఫియర్‌కీ స్ట్రాటోస్ఫియర్‌కీ మధ్య హద్దు, అంటే ట్రోపోపాజ్, ఆ అక్షాంశాల్లో 9, 10 కిలోమీటర్ల దగ్గర ఉండేది కాస్తా 12, 13 దాకా లేస్తుంది. దాని పైన, ఓజోన్ దండిగా ఉండే స్ట్రాటోస్ఫియర్ అడుగు పొరలు పైకి లేచి పక్కలకు జరుగుతాయి, పెనం మీద పిండిని గరిటెతో వెడల్పుగా లాగితే దోసె నడుమ పల్చబడినట్టు. దీనికి తోడు అదే ఎత్తుల్లో దక్షిణం నుంచి వచ్చే గాలి ఉపఉష్ణమండలపు గాలి, దానిలో సహజంగానే ఓజోన్ తక్కువ. రెండూ కలిస్తే ఒక్క రోజులో పదుల యూనిట్లు, కొన్నిసార్లు వంద దాకా పడిపోతాయి. దీన్నే ఓజోన్ మినీ హోల్ అంటారు. వెడల్పు వెయ్యి నుంచి మూడు వేల కిలోమీటర్లు, ఆయుష్షు కొద్ది రోజులు, ఉత్తర అట్లాంటిక్, యూరప్ వైపు చలికాలంలో ఎక్కువ. 1999 నవంబర్ 30న వాయవ్య యూరప్ మీద 200 కంటే దిగువకు పడిపోయినప్పుడు పేపర్లలో పెద్ద వార్తే అయింది.

పట్టుకోవడం ఎలాగంటే, మచ్చ కనబడిన రోజు 500 హెక్టోపాస్కల్ ఎత్తుల మ్యాప్, అంటే గాలి పీడనం 500కి దిగే ఎత్తు ఎక్కడెక్కడ ఎంతో చూపేది, తెరిచి చూడండి. మచ్చ కిందే ఎత్తైన గుట్ట ఉండి, గుట్ట కదిలినకొద్దీ మచ్చ కూడా కదులుతుంటే దాదాపు తేలిపోయినట్టే. ఇంకా గట్టిగా తేల్చుకోవాలంటే యూనివర్సిటీ ఆఫ్ వయోమింగ్ సైట్‌లో ప్రపంచంలో వాతావరణ బెలూన్లు ఎగరేసే స్టేషన్ల రీడింగులు ఉంటాయి, మచ్చకు దగ్గరి స్టేషన్ తీసుకుని ఎత్తు, ఉష్ణోగ్రత నిలువు వరసలు చూడండి. పైకి పోయేకొద్దీ చలి పెరుగుతూ ఉంటుంది, ఒకచోట ఆ పెరుగుదల కిలోమీటరుకు 2 డిగ్రీలకో అంతకంటే తక్కువకో వచ్చి కనీసం మరో 2 కిలోమీటర్లు అలాగే సాగుతుంది. అదే ట్రోపోపాజ్. దాని ఎత్తు రాసుకోండి.

ఇప్పుడు చిన్న లెక్క. జర్మనీలోని హోహెన్‌పైసెన్‌బర్గ్ స్టేషన్ దీర్ఘకాలపు కొలతల్లో ట్రోపోపాజ్ ఒక కిలోమీటరు పైకి లేస్తే మొత్తం ఓజోన్ సుమారు 16 యూనిట్లు తగ్గుతుందని తేలింది. ఉదాహరణకు మీ చోట మామూలు 330 అనుకుందాం, ఈ రోజు 230. తగ్గింది 100. ట్రోపోపాజ్ 10 నుంచి 13.5 కిలోమీటర్లకు లేచింది, అంటే మూడున్నర పదహార్లు, 56. ఇంకా 44కి లెక్క చెప్పాలి. ఈ 16 అన్నది ఒక చోటి సగటే కాబట్టి పదీ పదిహేను అటూ ఇటూ అయితే వదిలేయొచ్చు, 44 అంటే మాత్రం ఇంకా పైన ఏదో జరుగుతోందన్నమాట.

పైన పోలార్ వోర్టెక్స్ ఉందా?

చలికాలంలో ధ్రువం చుట్టూ స్ట్రాటోస్ఫియర్‌లో గిర్రున తిరిగే పెద్ద సుడి ఉంటుంది, అదే పోలార్ వోర్టెక్స్. అది ఎప్పుడూ ధ్రువం మీదే గుండ్రంగా కూర్చోదు, సాగుతుంది, పక్కకు ఒరుగుతుంది, దాని అంచు ఒక్కోసారి జనం ఉండే ఊళ్ల మీదికి వచ్చి పోతుంది. ఆ సుడి లోపలి గాలిలో ఓజోన్ తక్కువైతే, కింద ఉన్నవాళ్లకు అది రెండు మూడు రోజుల తగ్గుదలగా కనబడుతుంది.

లేచిన ట్రోపోపాజ్, పైన ఈ సుడి, రెండూ ఒకేసారి వస్తే ఎలా ఉంటుందో 2006 జనవరి 19న బ్రిటన్‌లో కనబడింది. రెడింగ్‌లో ఆ రోజు 177 యూనిట్లు నమోదైంది, అంటార్కిటికా హోల్ గీత కంటే కూడా తక్కువ. ముందు రోజు ఇంకా ఉత్తరాన, స్కాట్లాండ్ దీవుల్లోని లెర్విక్ నుంచి ఎగరేసిన బెలూన్‌లో స్ట్రాటోస్ఫియర్ మధ్య భాగంలో కూడా ఓజోన్ మామూలు కంటే తక్కువుందని తేలింది. కింద దక్షిణపు గాలి, లేచిన ట్రోపోపాజ్. పైన ధ్రువపు సుడి నుంచి వచ్చిన ఓజోన్ తక్కువ గాలి. ఒకదాని మీద ఒకటి సరిగ్గా ఒకే ఊరి మీద పడ్డాయి. ఒక్క కారణంతో ఇంత లోతైన తగ్గుదల రావడం కష్టం, అందుకే అంకె మరీ తక్కువగా కనబడితే రెండు కారణాల కోసం వెతకండి.

దక్షిణార్ధగోళంలో ఇదే సంగతి ఇంకా తీవ్రం. చిలీలోని పుంటా అరీనాస్, అర్జెంటీనాలోని ఉషువాయా ఊళ్ల మీదికి అంటార్కిటికా హోల్ అంచు సెప్టెంబర్ నుంచి నవంబర్ మధ్య వచ్చి పోతూ ఉంటుంది. అక్కడివాళ్లకు అది కొద్ది రోజుల తగ్గుదలే, కానీ ఆ గాలిలో ఓజోన్ పోయింది మాత్రం నిజమైన రసాయన విధ్వంసం వల్ల. రాక తాత్కాలికం, కారణం తాత్కాలికం కాదు. ఈ తేడాను చాలా వార్తలు పట్టించుకోవు, నాకు అదే బాధ.

సుడి ఎక్కడుందో చూడటానికి పొటెన్షియల్ వోర్టిసిటీ (గాలి ఎంత బలంగా సుడి తిరుగుతోందో చూపే కొలత) మ్యాపులు ఉంటాయి, 475 కెల్విన్ తలం అని రాసి ఉన్నది తీసుకోండి, అది దాదాపు 19, 20 కిలోమీటర్ల ఎత్తు.

నిజంగా రసాయనాలేనా?

ఇందుకు మూడు షరతులు కలవాలి. ఒకటి, 20 కిలోమీటర్ల ఎత్తులో ఉష్ణోగ్రత మైనస్ 78 సెల్సియస్ కంటే దిగాలి, అప్పుడే ధ్రువ స్ట్రాటోస్ఫియర్ మేఘాలు పుడతాయి. పాత ఫ్రిజ్‌లలో వాడిన ఫ్రియాన్ లాంటి సీఎఫ్‌సీల (క్లోరోఫ్లోరోకార్బన్ల) నుంచి వచ్చిన క్లోరిన్ మామూలుగా హాని చేయని రూపాల్లో కట్టుబడి ఉంటుంది, ఆ మేఘాల కణాల మీద జరిగే చర్యలతో విడుదలవుతుంది. రెండు, సూర్యకాంతి తగలాలి. నడి చలికాలపు చీకట్లో క్లోరిన్ ఓజోన్‌ను తినే చక్రం తిరగదు. మూడు, సమయం కావాలి. ఇది చాలా ముఖ్యం. అంటార్కిటికా మీద సెప్టెంబర్‌లో అన్నీ కలిసొచ్చినప్పుడు కూడా మొత్తం ఓజోన్ పోయేది రోజుకు కొద్ది శాతమే, వారాల తరబడి అలా సాగాకే హోల్ అవుతుంది. కాబట్టి నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య 80 యూనిట్లు పడితే అది రసాయనాల పని కాదు, గాలి పనే.

ఆర్కిటిక్‌లో నిజమైన రసాయన నష్టం ఎలా ఉంటుందో 2011, 2020 వసంతాలు చూపించాయి. 2011లో 18 నుంచి 20 కిలోమీటర్ల పొరలో 80 శాతానికి పైగా పోయింది. 2020లో మార్చి 12న ఆర్కిటిక్ మీద 205 యూనిట్లకు దిగింది, వోర్టెక్స్ ఆ ఏడాది అసాధారణంగా బలంగా, చల్లగా నిలిచిపోవడమే కారణం. రెండుసార్లూ వారాలపాటు సాగింది, మచ్చ సుడితో పాటే ఉంది, నేల దగ్గరి అధిక పీడనంతో దానికి పొంతన లేదు.

ఒక మెలిక ఉంది. మినీ హోల్‌లో పైకి లేచిన గాలి వ్యాకోచించి చల్లబడుతుంది, అంతకుముందే అంచున ఉన్న ఉష్ణోగ్రత మేఘాలు పుట్టేంత కిందికి పోతుంది. సూర్యుడు దిగంతం కిందికి దిగాక నార్వే, స్వీడన్, స్కాట్లాండ్ ఆకాశంలో ఇంద్రధనుస్సు రంగుల్లో మెరిసే మేఘాలు కనబడిన రోజుల్లో ఓజోన్ మ్యాప్ కూడా ఒకసారి తెరిచి చూడండి. మీ వాళ్లెవరైనా అక్కడ ఉంటే ఫొటో తీసి తేదీ, సమయం రాసిపెట్టమనండి. మేఘం కనబడగానే ఆ తగ్గుదల అంతా క్లోరిన్ వల్లే అని మాత్రం తేల్చేయకండి, చలీ తగ్గుదలా రెండూ ఆ లేచిన గాలి వల్లే వచ్చి ఉండొచ్చు.

అన్నిటికంటే నమ్మకమైన సాక్ష్యం: బెలూన్

మ్యాప్ మొత్తం ఎంతో చెబుతుంది, ఏ ఎత్తులో తగ్గిందో చెప్పదు. దానికి ఓజోన్ సాండ్ కావాలి. బెలూన్‌కు వేలాడదీసే చిన్న థర్మాకోల్ డబ్బా, అందులో బుల్లి పంపు, పొటాషియం అయొడైడ్ ద్రావణం ఉన్న రెండు గిన్నెలు. పంపు బయటి గాలిని ద్రావణంలోకి బుడగలుగా పంపుతుంది, ప్రతి ఓజోన్ అణువుకూ రెండు ఎలక్ట్రాన్లు తీగలో నడుస్తాయి, ఆ కరెంటును రేడియో కిందికి పంపుతుంది. బెలూన్ 30 కిలోమీటర్ల పైదాకా వెళ్లి పగిలిపోతుంది. మన వాతావరణ శాఖ ఢిల్లీ, పుణె, తిరువనంతపురంతో పాటు అంటార్కిటికాలోని మన కేంద్రం మైత్రి నుంచి కూడా వీటిని ఎగరేసింది. ప్రపంచ స్టేషన్ల రీడింగులు కెనడాలోని ప్రపంచ ఓజోన్ డేటా కేంద్రంలో దొరుకుతాయి.

గ్రాఫ్ చదవడం తేలికే. 10 నుంచి 15 కిలోమీటర్ల మధ్య పల్చబడి, ఓజోన్ పెరగడం ఆలస్యంగా మొదలైతే ట్రోపోపాజ్ లేచినట్టు. 15 నుంచి 20 మధ్య ఎవరో కొరికినట్టు లోతైన నొక్కు ఉండి, ఆ పైనా కిందా మామూలుగానే ఉంటే రసాయన నష్టం. అన్ని ఎత్తుల్లో కొంచెం కొంచెం తగ్గితే వేరే చోటి గాలి వచ్చి కూర్చుంది.

నేల దగ్గర సున్నా అయితే?

ఇది నాకు అన్నిటికంటే అబ్బురంగా అనిపించే విషయం. మార్చి నుంచి మే మధ్య కెనడాలోని అలర్ట్, అలాస్కాలోని ఉత్కియాగ్విక్ స్టేషన్లలో, మన దేశపు హిమాద్రి కేంద్రం ఉన్న స్వాల్‌బార్డ్ నీ-ఓలెసుండ్‌లో కూడా, 30 నుంచి 40 పీపీబీ ఉండాల్సిన ఓజోన్ కొద్ది గంటల్లో ఒకటి కంటే కిందికి పడిపోతుంది. గ్రాఫ్ గీత నిటారుగా దిగి నేలకు అంటుకుపోతుంది, గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి అక్కడే ఉంటుంది, గాలి వేగం పెరిగి పైనున్న గాలి కలిసిందంటే మళ్లీ నిటారుగా లేస్తుంది.

కారణం బ్రోమిన్, 1980ల్లో తేలిన సంగతి. సముద్రపు మంచు మీద, మంచుపొడి మీద పేరుకున్న ఉప్పులో బ్రోమైడ్ ఉంటుంది. ధ్రువ రాత్రి ముగిసి సూర్యుడు వచ్చాక ఒక బ్రోమిన్ అణువు రెండు ముక్కలై ఓజోన్‌ను తింటుంది, ఆ చర్యల్లో పుట్టిన పదార్థం మళ్లీ ఉప్పు మీద పడి మరింత బ్రోమిన్‌ను బయటికి లాగుతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, అందుకే దీన్ని బ్రోమిన్ విస్ఫోటనం అంటారు. ఇది ప్రధానంగా ప్రకృతి సహజమే. అయితే అదే సమయంలో గాలిలోని పాదరసం కూడా రూపం మార్చుకుని మంచు మీద పడుతుంది, అది ఆర్కిటిక్ జీవులకూ వాటి మీద బతికే జనానికీ మంచిది కాదు.

గుర్తించడానికి నాలుగు చూడండి: వసంతం, ఎండ, చలి, దగ్గర్లో సముద్రపు మంచు. శాటిలైట్ మొత్తం ఓజోన్‌లో ఇది కనబడదు, నేల నుంచి ఒక కిలోమీటరు మొత్తం ఖాళీ అయినా పోయేది 4 యూనిట్లే. శాటిలైట్ల బ్రోమిన్ మోనాక్సైడ్ మ్యాపులో మాత్రం ఎర్రటి మచ్చగా కనబడొచ్చు.

సూర్యుడి నుంచి వచ్చే ప్రోటాన్లు

2000 జులై 14, 2003 అక్టోబర్ చివర జరిగినట్టు సూర్యుడి మీద పెద్ద పేలుళ్లు వచ్చినప్పుడు ప్రోటాన్లు భూ అయస్కాంత క్షేత్రం వెంట ధ్రువాల దగ్గర దిగుతాయి. వాటి వల్ల 50 కిలోమీటర్ల పైన పుట్టే హైడ్రోజన్ ఆక్సైడ్లు అక్కడి ఓజోన్‌ను బాగా తగ్గిస్తాయి, అది కొద్ది రోజుల్లో కోలుకుంటుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు ఇంకా కింద వారాలు, నెలలు ఉండిపోతాయి. కానీ అంత ఎత్తులో ఉన్న ఓజోనే తక్కువ, మొత్తంలో తేడా స్వల్పం. కాబట్టి మ్యాప్ మీద పెద్ద మచ్చ చూపించి ఎవరైనా సౌర తుపాను అంటే నమ్మకండి. అనుమానం ఉంటే అమెరికా అంతరిక్ష వాతావరణ కేంద్రం పేజీలో ప్రోటాన్ల గ్రాఫ్ ఆ రోజుల్లో లేచిందో లేదో చూస్తే సరిపోతుంది.

జాగ్రత్త ఎప్పుడు పడాలి?

ఓజోన్ ఒక శాతం తగ్గితే చర్మాన్ని ఎర్రబరిచే కిరణాలు సుమారు ఒక శాతం కంటే కాస్త ఎక్కువ పెరుగుతాయి. జనవరిలో స్టాక్‌హోమ్‌లోనో గ్లాస్గోలోనో ఉన్నవాళ్లకు మినీ హోల్ వచ్చినా సూర్యుడు అంత కిందున్నప్పుడు ఆ పెరిగింది కూడా చాలా తక్కువే, పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టనక్కర్లేదు. మార్చి చివర, ఏప్రిల్‌లో లాప్‌లాండ్‌కో నార్వే కొండలకో స్కీయింగ్‌కి వెళ్తే కథ వేరు: ఎండ పెరిగి ఉంటుంది, కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది, కళ్లద్దాలూ సన్‌స్క్రీనూ ఎలాగూ కావాలి, ఓజోన్ తగ్గిన రోజైతే ఇంకా తప్పనిసరి. అక్టోబర్, నవంబర్‌లో పటగోనియా వైపు వెళ్లేవాళ్లు రోజూ ఉదయం ఓజోన్ మ్యాప్ కంటే ఆ ఊరి యూవీ (అతినీలలోహిత కిరణాల) ఇండెక్స్ చూడండి, ఎందుకంటే మేఘాలనూ సూర్యుడి ఎత్తునూ కూడా లెక్కలోకి తీసుకునేది అదే. యూరప్ వారి కోపర్నికస్ వాతావరణ సేవలో ఓజోన్‌కీ, యూవీకీ రాబోయే కొద్ది రోజుల అంచనాలు ఉంటాయి, హోల్ అంచు ఏ రోజు ఊరి మీదికి వస్తుందో ముందే కనబడుతుంది.